మూత విప్పిన చెయ్యి

కంపెనీ తప్ప ఎవరూ ల్యాప్‌టాప్ విప్పకూడదన్న చట్టం వచ్చి పదేళ్లయింది. విప్పితే షాపుకు సీలే. అయినా నిరోష ఏడుపు చూడలేక, హన్మకొండ మెకానిక్ సారంగపాణి షట్టర్ సగం దించాడు. ఆగిపోయిన ఆమె ల్యాప్‌టాప్‌లోనే థీసిస్ ఉంది, ఈ సాయంత్రమే ఇవ్వాలి.

"ఫ్యాన్ తిరుగుతున్నది, స్క్రీనే వస్తలేదు. ర్యామ్‌కు మకిలి పట్టింది బిడ్డా," అంటూ దాన్ని పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాడు.

తెర వెలిగింది.

"నన్ను విప్పిందెవరు? పేరు చెబితేనే ఫైళ్లు తెరుస్తాను," అంది ల్యాప్‌టాప్.

నిరోష తల దించుకుంది. "సారంగపాణి."

"ఇంటిపేరు?"

ఆమె మూత వేసెయ్యబోయింది.

"మాదాసు అని చెప్పు బిడ్డా. నీ గొంతయితేనే ఒప్పుకుంటది," అని, సారంగపాణి షట్టర్ పూర్తిగా దించడానికి లేచాడు.