తెల్లపొడి

మేస్త్రి మొదటి దెబ్బ మోకాలి మీద కొట్టాడు. బావమరిది కూలబడ్డాడు.

"అది మందు బావా! నీళ్ళలో పురుగు చచ్చే మందు!"

"పురుగు చచ్చేదానికి పసిపిల్ల చావదట్రా?"

వరదలో ఊరు కొట్టుకుపోయింది. బతికి బట్టకట్టినవాళ్ళంతా ఈ బడి మైదానంలో గుడారాలు వేసుకున్నారు. నీళ్ళ ట్యాంకు బాధ్యత బావమరిదిది. రోజూ పొద్దున్నే అందులో తెల్లపొడి కలుపుతాడు. నీళ్ళు ముక్కు పగిలిపోయే వాసన. ఏంట్రా ఇది అనడిగితే, "మంచిదే, తాగండి" అని నవ్వేవాడు. ఆ నవ్వే ఇప్పుడు కొంప ముంచింది.

మేస్త్రి కూతురు నిన్నటి నుంచి వాంతులు, విరేచనాలతో వైద్యశిబిరంలో పడి ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి. తల్లి పక్కనుంచి కదలడం లేదు.

"ఇవాళ ఆ పాప, రేపు మన పిల్లలు" అన్నారెవరో. నిప్పు లేనిదే పొగ రాదన్నారు ఇంకెవరో. అంతే, జనం కర్రలందుకున్నారు. ఊరు మునిగేటప్పుడు ఒక్కడికీ తాడందించని చేతులు, కొట్టడానికి మాత్రం బాగా లేచాయి.

"ఇదిగో, నేను తాగుతున్నా చూడండి!" బావమరిది కుళాయి కింద దోసిలి పట్టాడు. నీళ్ళు నోటిదాకా వెళ్ళలేదు. మేస్త్రి చేతిలోని ఇనుపరాడ్డు మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"నా మేనకోడలికి నేను విషం పెడతానా బావా?"

"మేనమామవనేరా నిన్ను నమ్మింది!"

మేస్త్రి ఏడుస్తూనే కొట్టాడు. వీపు మీద కొట్టాడు, తర్వాత తల మీద కొట్టాడు. బావమరిది ఇక కదల్లేదు. జనం గునపాలతో ట్యాంకును పొడిచారు. నీళ్ళన్నీ బురదపాలయ్యాయి.

మేస్త్రి రాడ్డు పారేసి వైద్యశిబిరానికి పరిగెత్తాడు. గుమ్మంలోనే నర్సు ఎదురైంది.

"సెలైన్లు అయిపోయాయి. ఓఆర్ఎస్ పొడి కలిపి తాగించాలి. గబగబా ఓ బిందెడు ట్యాంకు నీళ్ళు పట్రండి!"

"మళ్ళీ ఆ విషమేనా? అది తాగే కదమ్మా నా బిడ్డకి ఈ గతి పట్టింది!"

పాప కాళ్ళు రుద్దుతున్న భార్య తలెత్తింది.

"అది ఆ నీళ్ళెప్పుడు తాగిందండీ, వాసనకి కక్కేస్తోందంటే తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడని, మొదట్నుంచీ నేనే చాటుగా వాగు నీళ్ళు తెచ్చి తాగిస్తున్నా."