దారికి అడ్డం వేసిన కంప

పందికొక్కు చేలో ఎటు చూసినా అది తవ్విన గుంతలే. గోరింకను వీపున ఎక్కించుకుని గుర్రం రోజూ సాయంత్రం ఆ చేలోంచే షికారు వెళ్ళేది. "మామా, తిన్నావా?" అని గోరింక కేకేసేది. అది తప్ప పందికొక్కును పలకరించే ప్రాణి మరొకటి లేదు.

ఒకనాడు గట్టు మీది తొండ తల ఊపుతూ పందికొక్కుతో చెప్పింది. "చేను నీది, గుంత నీది. రేపు గుర్రం కాలు విరిగితే అడవంతా నిన్నే నిలదీస్తుంది."

పందికొక్కు తెల్లారేసరికి దారికి అడ్డంగా ముళ్ళకంప వేసేసింది. గుర్రం వచ్చి, చూసి, వెనక్కి తిరిగింది.

వానలు పడ్డాయి. ఎవరి కాలూ విరగలేదు. తిన్నావా అని ఎవరూ అడగలేదు. ఉండబట్టలేక పందికొక్కు తానే కంప లాగేసి, అవతలి గట్టు మీద పోతున్న గుర్రాన్ని పిలిచింది.

"దారి తీశాను, రండి. పడితే నాదే పూచీ."

"నీ పూచీతో విరిగిన కాలు అతుక్కుంటుందా మామా?" అంది గోరింక.

గుర్రం నవ్వలేదు. "రోజూ నడిచినన్నాళ్ళూ గడ్డి అణిగి ఉండేది. గుంతలు కనబడేవి, తప్పుకుని నడిచేదాన్ని. ఇప్పుడు గడ్డి పెరిగిపోయి ఏది నేలో, ఏది గుంతో తెలియడం లేదు" అని సాగిపోయింది.

ఆ సాయంత్రం నుంచి పందికొక్కు తన చిట్టి కాళ్ళతో గడ్డి తొక్కుతూనే ఉంది. అది ముందుకు వెళ్ళగానే వెనక గడ్డి మళ్ళీ లేచి నిలబడుతోంది.