వెనక సీటు కింద

తాళం తిప్పాడు. కారు ఇంజను గిరగిరా తిరిగింది గాని అంటుకోలేదు.

మళ్ళీ తిప్పాడు. అదే వరస.

"అయిందా మీ రిపేరు?" గుమ్మంలోంచి భార్య గొంతు. "వీడియో చూసి ఆపరేషన్ చేసే డాక్టర్ని మిమ్మల్నే చూశాను. పెట్రోలు పంపు నేనే మారుస్తానన్నారు, మార్చారు. ఇప్పుడు పిల్లని భుజాన వేసుకుని నడవమంటారా?"

 నిన్న సాయంత్రం పంపు మార్చాక వీధి చివరిదాకా నడిపి చూశాడు. చక్కగా నడిచింది. రాత్రికి రాత్రి ఏమొచ్చింది దీనికి?

పిల్ల మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు ముడేసుకుంటోంది. అతని భార్య చెల్లెలి కూతురు. ఆ చెల్లెలు జబ్బుపడి ఆసుపత్రి పాలైనప్పుడు, ఇంకా తప్పటడుగులు వేస్తున్న ఈ పిల్లని తెచ్చుకున్నారు. మాటలు ఇక్కడే వచ్చాయి. పాలపళ్ళు ఇక్కడే ఊడాయి. ఇప్పుడు చెల్లెలు పూర్తిగా కోలుకుంది. ఉద్యోగంలో చేరింది, ఇల్లు తీసుకుంది. ఈ రోజు కూతుర్ని తెచ్చి అప్పగిస్తామని అక్క మాటిచ్చింది.

మాటిచ్చిన దగ్గర్నుంచి ఆమె కంట ఒక్క చుక్క రాలలేదు. పిల్ల బట్టలన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలు సర్దింది. ఇవాళ అందరికంటే ముందు లేచి తనే వాటిని కారులోకి చేర్చింది. ఆ గట్టితనం చూస్తే అతనికి కాస్త భయం కూడా వేసింది. ఏడ్చేది అతనే. అదీ స్నానాలగదిలో, కుళాయి తిప్పుకుని.

"టాక్సీ పిలవనా?" అన్నాడు.

"అంత దూరం ఎవడొస్తాడు? పైగా దానికి కొత్త బండెక్కితే వాంతులు."

"పోనీ మెకానిక్కుని?"

"సెలవు రోజు ఎవడు దొరుకుతాడు? చెడగొట్టింది మీరు, మీరే చూడండి. కుదరకపోతే మరో రోజు వస్తామని చెల్లికి ఫోన్ చేస్తాను. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకైతే తెలీడం లేదు."

ఆ మాట గుచ్చుకుంది. భార్య చేత మాట తప్పించడం అతనికి ఇష్టం లేదు. కారు వెనక్కి వెళ్ళి, వేరే ఊళ్ళో మెకానిక్ పని చేసే చిన్ననాటి స్నేహితుడికి గొంతు తగ్గించి ఫోన్ చేశాడు.

"తాళం సగం తిప్పి విను," అన్నాడు స్నేహితుడు. "వెనక సీటు కింద పంపు గుయ్యిమంటోందా?"

"లేదు."

"ఫ్యూజు?"

"తీసి చూశాను. బాగానే ఉంది."

"పంపుకి కరెంటు వదిలే రిలే టక్కుమంటోందా?"

"ఆ, అంటోంది."

"అయితే పంపుకి కరెంటు అందడం లేదురా. దారిలో ఎక్కడో ఆగిపోతోంది. టెస్ట్ లైటు పట్టుకుని, పంపు దగ్గర్నుంచి తీగ వెంబడే వెనక్కి రా."

సీటు పైకి లేపాడు. పంపు దగ్గర లైటు వెలగలేదు. తీగల్ని తడుముకుంటూ తివాచీ అంచు ఎత్తాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఎర్ర తీగ రెండు ముక్కలై ఉంది.

"దొరికిందా?" ఫోన్లో స్నేహితుడు. "ఎలక కొరికిందా ఏంటి?"

ఎలక కొరికితే అంచులు నలిగి, పీచు లేచి ఉంటాయి. ఇది కత్తెర పెట్టి కోసినంత నున్నగా ఉంది.

"ఆ... ఎలకే," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తల తిప్పి చూశాడు. పిల్ల ఇంకా మెట్టు మీదే ఉంది. నిన్న చీకటి పడేదాకా ఈ సీట్లోనే బొమ్మలతో ఆడుకుంది.  నోరు విడిచి వెళ్ళనని చెప్పలేక ఇంత పని చేసిందా పిచ్చితల్లి?

ఒక్క క్షణం అలాగే వదిలేద్దామనిపించింది. సీటు దించేసి, నా వల్ల కాలేదంటే చాలు. ఇవాళ గడుస్తుంది. రేపటి సంగతి రేపు.

కానీ అక్కడ ఒక తల్లి గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తోంది. ఇక్కడ ఇంకొకామె గుండె రాయి చేసుకుని మాట నిలబెట్టుకుంటోంది. మధ్యలో తనెవరు?

బ్యాటరీ తీగ విప్పాడు. ఎర్ర తీగ చివరలు ఒలిచి, కలిపి మెలేసి, టేపు చుట్టాడు. బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు. వెనక గుయ్యిమంది. ఇంజను అంటుకుంది.

ఆ శబ్దానికి భార్య బయటికొచ్చింది.

"ఏమైందట?"

"కనెక్షను వదులైంది. నేనే సరిగ్గా బిగించలేదు."

ఆమె అతనికేసి కాసేపు చూసింది. ఇంటి తాళం తేవడానికి లోపలికెళ్ళింది.

పిల్లని వెనక కూర్చోబెట్టి బెల్టు పెడుతూ అతను వంగాడు. "నీకు వెళ్ళాలని లేకపోతే చెప్పు తల్లీ. సీటు కింద తీగ సంగతి నాకు తెలుసు. నేనేమీ అనను."

"ఏం తీగ పెదనాన్నా?" పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "నాకెందుకు ఇష్టముండదు? అమ్మ నా గదికి నీలం రంగు వేయించిందట! మీరూ పెద్దమ్మా వచ్చి చూస్తారుగా?"

బెల్టు టక్కున పడింది. అతను తలుపు వేసి, ఏమీ తోచక, చుట్టూ తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

అప్పటికే పక్కసీట్లోకి వచ్చి కూర్చున్న భార్య, ఎదురుగా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, అతనికి మాత్రమే వినపడేలా అంది: "ఎర్రదాని పక్కనున్న నల్ల తీగ కూడా కోసెయ్యాల్సింది నేను."