షుగర్ ఉన్నవాళ్ళ సంగటి పందెం

ఒక్క నిమిషం, చేతిలో పని పక్కన పెట్టి ఇది వినండి. చిన్నదే, టీ చల్లారేలోపు అయిపోతుంది.

సుంకన్న ముందు రాగి సంగటి ముద్ద ఉంది. ఆవిరి కక్కుతోంది. పక్కన అద్దుకోడానికి వేరుశనగల పచ్చడి, ఊరుబిండి. పులుసు లేదు, మజ్జిగ లేదు, నీళ్ళ చెంబు అసలే లేదు. అదే రూలు.

కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్ళో, పాల కేంద్రం ముందు, పండగా పబ్బమూ లేని ఒక మంగళవారం షామియానా వేసి మరీ పెట్టిన పోటీ అది. ముద్ద అందరికంటే ముందు ముగించినవాడికి కొత్త పంచె, పెద్ద టవలు. మొత్తం పన్నెండు మంది. అందరికీ షుగరే. షుగర్ లేనివాళ్ళకు ప్రవేశం లేదని ఆశా కార్యకర్త ఎస్తేరు ముందే చాటించింది. మొదలుపెట్టే ముందు అందరి బరువు కూడా తూచింది. కుస్తీకి తూస్తారు కదా, తిండికి తూస్తే తప్పేముంది అనుకున్నాడు సుంకన్న.

సంగటిని అక్కడ ఎవరూ నమలరు. తుంచాలి, గుండ్రంగా చెయ్యాలి, ఊరుబిండిలో అద్దాలి, గుటుక్కున మింగాలి. నమిలేవాణ్ణి కొత్తగా ఊరికొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఆ మింగడంలో సుంకన్న మొనగాడు. పక్కవాడు ఒక ముద్ద ముగించేలోపు తను రెండు ముగించి చెయ్యి కడుక్కునే రకం.

కానీ రెండు నెలలుగా అతనికి ముద్ద దిగడం లేదు. రొమ్ము మధ్య దాకా పోయి అక్కడే ఆగిపోతోంది. ఎవరికీ చెప్పలేదు. క్యారియర్ చేనుకు తీసుకెళ్ళి, బోరు షెడ్డు చాటున సంగటిని మజ్జిగలో పిసికి తాగేస్తున్నాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. అది మాత్రం దాచలేదు. పదేళ్ళ షుగర్‌ని ఎలా లొంగదీశానో చూడండంటూ వదులైన చొక్కా పట్టి లాగి మరీ ఊరంతా చూపించాడు. మింగుడు పడకపోవడం అంటారా, అది బిళ్ళల వేడి అని తనకు తానే తేల్చేసుకున్నాడు. ఆసుపత్రికి వెళితే గొంతులోకి కెమెరా దించుతారు. దించాక ఏదో ఒక పేరు చెబుతారు. ఆ పేరు వినడం అతనికి ఇష్టం లేదు.

మరి అలాంటివాడు పందేనికి ఎందుకొచ్చాడు? భార్య కదిరమ్మ వద్దంది కాబట్టి.

“నీకేమిటికి ఈ పందేలు? ఇంట్లో పండుకో. పాపన్న ముందర పరువు పోతాది,” అంది.

సంగటి మింగడంలో ఎప్పుడూ తనతో పోటీపడే పాపన్న పేరు ఎత్తాక ఇంకేముంది. సుంకన్న చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పోయి పేరు రాయించుకొచ్చాడు.

ఎస్తేరు ఈల వేసింది. పదకొండు చేతులు ముద్దల మీద పడ్డాయి. ఎప్పుడూ తినేటప్పుడు ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు ఆ రోజు పరీక్ష రాస్తున్నట్టు తలొంచుకుని మింగుతున్నారు. సుంకన్న మొదటి తునక బలవంతంగా దించాడు. రెండోది ఆగింది. మెడ సాచాడు, గుక్క తిప్పుకున్నాడు, రొమ్ము తట్టుకున్నాడు. దిగలేదు. మూడోది నోట్లో పెట్టుకుని, ఎవరూ చూడరులే అనుకుని, నమిలాడు.

అందరూ చూశారు.

పాపన్న పళ్ళెం ఖాళీ అయింది. చేతులెత్తి గంతులేస్తాడనుకుంటే, వేళ్ళు కూడా నాక్కోకుండా సుంకన్న వైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కొక్కటిగా పదకొండు పళ్ళేలూ ఖాళీ అయ్యాయి. సుంకన్న ముద్ద మాత్రం ముప్పాతిక అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు.

ఎస్తేరు వచ్చి అతని ఎదురుగా గొంతుకూర్చుంది.

“యాడ ఆగుతాండాది మామా?”

అతను ఏదో అబద్ధం వెతుక్కునేలోపే చెయ్యి రొమ్ము మీదికి పోయింది.

“షుగర్ ఉంటే అంతేలేమ్మా,” అన్నాడు.

“షుగర్ ఉండాదనే గదా నేను అడిగేది.”

షామియానా పక్కన పొద్దుటి నుంచీ ఒక వ్యాను నిలబడి ఉంది. సంగటి పందేనికి వ్యాను ఎందుకని ఎవరూ అడగలేదు. సుంకన్న లేచి ఇంటి దారి పట్టబోతే పాపన్న అడ్డం నిలబడ్డాడు.

“ఓడినోడు చెప్పినట్ల వినాల. ఎక్కప్పా, నేనూ వస్తాండా.”

అనంతపురంలో కెమెరా దించారు. అన్నవాహిక కింది భాగంలో గడ్డ ఉంది. క్యాన్సరే. కానీ ముదరలేదు. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని పరిశోధనలు అంటున్నాయనీ, షుగర్ వల్లే వస్తుందని మాత్రం ఇంకా తేలలేదనీ డాక్టరు చెప్పాడు. అసలు చిక్కు వేరే ఉందట. బరువు తగ్గితే షుగర్ దిగిందని సంబరపడతారు, ముద్ద దిగకపోతే ఆ నేరం కూడా షుగర్ మీదికే తోసేస్తారు, ఈలోపు అది లోపల హాయిగా పెరుగుతుంది. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదన్నాడు.

మందులు, రేడియేషన్, ఆపరేషన్. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు సుంకన్న బాగున్నాడు. చొక్కా మళ్ళీ బిగుతైంది. కొద్దికొద్దిగానే అయినా సంగటి దిగుతోంది. రోజూ మధ్యాహ్నం మనవరాలి చేత ఫోన్‌లో టైము పెట్టించి మరీ మింగుతున్నాడు. వచ్చే ఏడు పాపన్న పని పట్టాలట.

ఇక్కడే వచ్చింది తంటా.

అది, క్యారియర్ అడుగున పిసికిన సంగటి చూసి సంగతి కనిపెట్టిన కదిరమ్మ, ఎస్తేరుతో కలిసి ఆ ఒక్క మనిషిని వ్యాను ఎక్కించడానికే పెట్టిన పోటీ అనీ, పాపన్నతో సహా ఆ పదకొండు మందీ ముందురోజు కదిరమ్మ ఇంటింటికీ తిరిగి బతిమాలితే వచ్చి కూర్చున్నవాళ్ళేననీ ఊళ్ళో ఇప్పటికీ తెలియనిది సుంకన్న ఒక్కడికే, అలాంటివాడు మీ గుమ్మంలో నిలబడి వచ్చే పందేనికి నా పేరు మొదట రాసుకోండి అంటే మీరైతే ఏం చేస్తారు?