కొవ్వు లేదని చెప్పిన ముక్కలు

బరువు ఇంకొంచెం తగ్గినా ఆసుపత్రిలో చేర్చి, ముక్కులో గొట్టం వేయాల్సిందేనని పొద్దున డాక్టరు తేల్చి చెప్పేశాడు. లావవుతానన్న భయంతో తిండి మానేసి, పుల్లలా ఎండిపోయిన కూతురు ఇప్పుడు వంటగది గుమ్మంలో నిలబడి తల్లి చేతులనే చూస్తోంది.

తల్లి వెన్నలా కొవ్వుండే అవకాడో పండు ముక్కలకు రొట్టెపొడి అద్ది ఎయిర్ ఫ్రయర్‌లో పేర్చింది. మొదటి వాయి మెత్తబడిందని కూతురు ముట్టుకోలేదు. రెండోది మాడిపోయింది. ఇదే ఆఖరి కాయ.

"నూనె వేశావా?"

"నీ మీద ఒట్టు, చుక్క కూడా వేయలేదు. వేడిగాలికే వేగుతాయి. ఇందులో కొవ్వేముంటుందే, సొరకాయలాంటిదే ఇదీనూ!"

అబద్ధం చెబుతూనే ఆమె మీట నొక్కింది.

ముక్కలు వేగాక కూతురు ఒకటి తీసి కొరికింది. కరకరమంది. కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. రెండో ముక్క తీసుకుంది.

"బాగున్నాయా తల్లీ?"

"ఇదంతా కొవ్వేనని నాకు తెలుసమ్మా," అంది కూతురు ఏడుస్తూ. "అయినా నువ్వు అలా చెబుతూనే ఉండు. ఆపితే మింగలేను."