ఎత్తిన ఎడమ చెయ్యి

మార్చి పద్నాలుగు, శుక్రవారం. బట్టలు ఉతికాను, చేపలు ఎండబెట్టాను, పరీక్ష చేసే టీచర్లకని బియ్యప్పిండి బిబింగ్కా కేకులు రెండు కాల్చి బడికి మోసుకెళ్లాను.

నన్ను తీతా అని పిలిచే మా అక్క కూతురు రియలిన్ ఇవాళ వాళ్ల ముందు భిన్నాల పాఠం చెప్పి చూపించాలి. బాగా చెప్పకపోతే టీచరు పట్టా రాదు. వారమంతా రంగు అట్టలు కత్తిరించి ఇల్లంతా మెరుపుపొడి చేసింది. చెప్పబోయేది పాఠమో, వేయబోయేది పెళ్లిపందిరో నాకు అర్థం కాలేదు.

ఇలాంటి రోజుకు మా బళ్లలో పిల్లలకు ముందే నేర్పుతారు. జవాబు తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి ఎత్తాలి. చూసేవాళ్లకు తరగతంతా చేతులే. టీచరు కుడి చేతులనే పిలిస్తే చాలు. గాడిదకైనా వచ్చే పని.

"మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా?" అని అడిగి, ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లను పిలిచింది మా మహాతల్లి.

"నాలుగోవంతు," అంది ఆ పిల్ల.

పరీక్షకుల మొహాలు మాడాయి. రియలిన్ ఆ టీచర్లకని నేను తెచ్చిన బిబింగ్కాలే తీసి, ఒకదాన్ని మూడు ముక్కలు, రెండోదాన్ని నాలుగు ముక్కలు కోసి, "నీకు నచ్చింది తీసుకోమ్మా," అంది. పిల్ల తటపటాయించి, చివరికి మూడోవంతు తీసుకుని నవ్వింది. ఈలోగా గంట కొట్టారు. పాఠం సగమే అయింది, ఫెయిలన్నారు.

"అన్ని కుడి చేతులుంటే కనపళ్లేదటే? కళ్లు పోయాయా?" అన్నాను బయటికొచ్చాక.

"మళ్లీ పాఠం చెప్పి చూపిస్తాలే తీతా," అంది. "చిన్నప్పుడు ఇలాంటి రోజుల్లో నేనూ ఎడమ చెయ్యే ఎత్తేదాన్ని. ఒక్క టీచరూ పిలవలేదు. ఆ బాకీ ఇవాళ తీరింది."