ప్రియదర్శిని ఈడ లేదు

అన్నం తిని కాస్త కునుకు తీద్దామని మహీధర్ తల వాల్చిన వేళకే ఆళ్లగడ్డ మొత్తానికి ఆవాలు గుర్తొస్తాయి.

కిరాణా కొట్టు పెట్టిన పద్నాలుగేళ్లలో ఒక్క మధ్యాహ్నమూ దీనికి మినహాయింపు లేదు.

ఆరోజు ఆవాలకు వచ్చింది విజయమ్మ. ఆమె వెనకే ఒక ముసలాయన. చెప్పుల నిండా దుమ్ము, చేతిలో చీటీ.

"అప్పా, ప్రియదర్శిని అనే పాప ఇల్లు యాడ? తొమ్మిదేండ్లు. నాయనది కొట్టంట."

మహీధర్ నిద్ర ఎగిరిపోయింది.

ప్రియదర్శిని అంటే ఆయన కూతురు దీపికే. తలలో గడ్డ లేచింది. నంద్యాల ఆసుపత్రిలో మహీధర్ ఆ దొంగ పేరు రాయించాడు. రేపు సంబంధాలోళ్లు ఆరా తీస్తే? పిల్లకు పాలపళ్లు ఇంకా ఊడుతూనే ఉన్నాయి. అయినా ముందుచూపు ముందుచూపే.

గడ్డ తీశారు. ముక్కను పెద్ద పరీక్షకు పంపారు.

"ఈ గడ్డలో నాలుగు రకాలు. పైకి అన్నీ ఒకలాగే ఉంటాయి. లోపలి గుర్తులు పరీక్షిస్తేనే ఏ రకమో తేలేది" అన్నాడు డాక్టరు. "మెత్తని రకమైతే తక్కువ రేడియేషన్ కరెంటుతో సరిపోవచ్చు. తెలియకపోతే పూర్తిగా పెట్టాల్సిందే. పిల్ల బతకొచ్చు గానీ చదువు మందగిస్తుంది."

ఫలితం రాగానే ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ రాలేదు.

పోయి అడుగుదామంటే, ఆసుపత్రి ఎదురుగానే మహీధర్ భార్య మాధురి పిన్నమ్మ ఇల్లు. ఆమె కంట పడితే ఇక పేపర్లో వేయించే పని ఉండదు.

విజయమ్మ ఆవాలు మరిచి చెవులు రిక్కించింది. మహీధర్ ముసలాయనను బస్తాల చాటుకు లాగాడు.

"ఆసుపత్రి నుంచి వచ్చినావా?"

"లేదప్పా. ఆసుపత్రికీ నాకూ ఏం సంబంధం లేదు. మాది బండి ఆత్మకూరు."

అర్థమైపోయింది. పిన్నమ్మ వియ్యంకులదీ బండి ఆత్మకూరే!

"ఏందీ పని?"

"పాప నాయనకే చెప్పాల. పదిమందిలో చెప్పే మాట కాదు. రెండు దినాల నుంచి తిరుగుతాండా."

"ఆ పేరు పిల్ల ఈడ లేదు. శిరివెళ్లలో అడుగుపో."

"అడ్రసు ఆళ్లగడ్డ అనే రాసుందే?"

"రాసేటోళ్లకేం, ఏమన్నా రాస్తారు!"

ముసలాయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేప్పా. యాడున్నా ఆ పాప చల్లగుండాల."

"గూఢచారిని శిరివెళ్లకు తోలినా" అన్నాడు మహీధర్ ఇంట్లోకి పోయి. మాధురి మెచ్చుకుంది.

ఇంకో వారం ఫోన్ కోసం చూశారు. వైద్యానికి గడువు మించుతోందని కర్నూలు తీసుకుపోయి పూర్తి కరెంటే పెట్టించారు.

అన్నీ అయ్యాక, పాత కాగితాల కోసం నంద్యాల వెళ్లారు. నర్సు లూదియా ఫైలు చూసి నోరు తెరిచింది.

"యాడికి పోయినారు సార్ ఇన్ని దినాలు? పాపది మెత్తని రకమే. రిపోర్టొచ్చి రెండు నెల్లు!"

"మరి ఫోన్ చెయ్యలేదే?"

"మీరిచ్చిన నంబరుకే చేసినాం. ఎవరో తిమ్మయ్యంట, రాంగ్ నంబరన్నాడు. మళ్లీ చేస్తే మళ్లీ ఆయనే. మూడోతూరి ఆయనే చేసినాడు. 'చిన్నపిల్ల సంగతంటాండారు, యా ఊరో చెప్పమ్మా, నేను పోయి వెతుకుతా' అన్నాడు. బండి ఆత్మకూరాయన."

మాధురి తల దించుకుంది.

"నీ ఫోన్ నంబరులో చివరంకె నేనే మార్చి చెప్పినా. నువ్వు పేరు మార్చినావు కదా అని..."

"ఇప్పటికీ వారానికోతూరి చేస్తాడు సార్" అంది లూదియా. "పాప దొరికిందామ్మా అని."

మహీధర్ రోజూ తిమ్మయ్యకు చేద్దామని ఫోన్ తీసి తన నంబరులోని మొదటి తొమ్మిదంకెలూ నొక్కి, పదోదాని దగ్గర ఆగిపోతున్నాడు. పాపకు ఎట్లుందప్పా అని ఆయన అడిగితే ఏం చెప్పాలో, అయ్యా, అమ్మా, మీకెవరికైనా తోస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.